రెన్ కట్టిన గోడలు, ఫుల్టన్ కట్టిన లోపలి భాగం: సెయింట్ మేరీ ఆల్డర్‌మన్‌బరీ చర్చి కథ

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఫుల్టన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి వెస్ట్‌మినిస్టర్ కాలేజీ ఆవరణలో తెల్లటి రాతి చర్చి ఒకటి కనిపిస్తుంది. పేరు సెయింట్ మేరీ ఆల్డర్‌మన్‌బరీ. ఇంగ్లిష్ వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ దీన్ని 1670ల్లో లండన్ నగరం నడిబొడ్డున కట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో జర్మన్ బాంబుల మంటల్లో కాలిపోయింది. 1960ల్లో రాయి రాయి విప్పి, అట్లాంటిక్ దాటించి ఫుల్టన్‌లో మళ్లీ నిలబెట్టారు. దీన్ని చూసినవాళ్లు "రెన్ కట్టిన చర్చి" అంటారు. బయటి గోడల వరకు ఆ మాట నిజం. లోపల కంటికి ఆనేదంతా దాదాపుగా 1960ల్లో చేసిన పని. ఈ తేడా తెలియకుండా చూస్తే 17వ శతాబ్దపు మేస్త్రీలకూ న్యాయం జరగదు, 20వ శతాబ్దపు వడ్రంగులకూ జరగదు. అందుకే ఏ భాగం ఏ కాలానిదో, ఎందుకు అలా మిగిలిందో విడదీసి చూడాలి.

ఇది ఒకప్పుడు పారిష్ చర్చి. తెలుగు కతోలికులు విచారణ అంటారే, అలాంటి ఒక నిర్ణీత హద్దులోని ప్రజలకు చెందిన గుడి. ఇంగ్లండ్‌లో పారిష్ అంటే ప్రార్థనలకే పరిమితం కాదు. పుట్టుక, పెళ్లి, చావు రాసే రిజిస్టరు అక్కడే ఉండేది, పేదల పోషణకు పన్ను వసూలు చేసేదీ పారిషే. పాత లండన్ గోడల చుట్టుపక్కల చదరపు మైలు నేలలోనే వందకు పైగా పారిష్‌లుండేవి. ఇక్కడ లండన్ నగరం అంటే ఈ చదరపు మైలే, ఇప్పటి మహానగరం కాదు. అంటే ఒక్కో చర్చికి నాలుగైదు వీధులు, కొన్ని వందల ఇళ్లు. ఆల్డర్‌మన్‌బరీ వీధి, లవ్ లేన్ కలిసే మూలన, నగర పాలక భవనం గిల్డ్‌హాల్‌కు కూతవేటు దూరంలో ఈ చర్చి ఉండేది. రికార్డుల్లో దీని ప్రస్తావన 1181లోనే కనిపిస్తుంది.

ఈ చర్చి పేరు చెప్పగానే వినిపించే ప్రముఖుల్లో ఎక్కువమంది రెన్ కట్టడాన్ని చూడనే లేదు. షేక్‌స్పియర్ తోటి నటులు జాన్ హెమింగ్స్, హెన్రీ కాండెల్ ఈ పారిష్‌వాసులు. షేక్‌స్పియర్ నాటకాలు 36 సేకరించి 1623లో అచ్చువేయించింది వీళ్లే. వాటిలో సగం అంతకుముందు అచ్చు మొహం చూడనివి. కాండెల్ 1627లో, హెమింగ్స్ 1630లో చనిపోతే ఇక్కడే పూడ్చారు. కవి మిల్టన్ 1656లో క్యాథరిన్ వుడ్‌కాక్‌ను చేసుకున్న రెండో పెళ్లి నమోదైందీ ఈ చర్చి రిజిస్టరులోనే. 1639 నుంచి 1662 దాకా ఇక్కడ బోధకుడిగా ఉన్న ఎడ్మండ్ కాలమీ, ప్రభుత్వ ప్రార్థనా విధానానికి ఒప్పుకోక పదవి పోగొట్టుకున్నాడు. వీళ్లందరూ ఎరిగింది మధ్యయుగపు పాత చర్చిని. అది లండన్ నగరాన్ని దహించిన 1666 సెప్టెంబరు అగ్నిప్రమాదంలో కాలిపోయింది. పేరుమోసిన కఠిన న్యాయమూర్తి జార్జ్ జెఫ్రీస్ ఒక్కడే రెన్ చర్చి కాలంవాడు. 1689లో లండన్ టవర్ చెరసాలలో చనిపోతే, 1693లో అతని శవపేటికను ఇక్కడికి మార్చారు. ఫుల్టన్ గోడల దగ్గర నిలబడి షేక్‌స్పియర్ మిత్రులను తలచుకోవడంలో తప్పు లేదు గానీ, వాళ్లను పూడ్చిన నేల మాత్రం లండన్‌లోనే ఉండిపోయింది.

రెన్ చేతికి వచ్చిన పని

1666 మంటల్లో లండన్ నగరంలో 80కి పైగా పారిష్ చర్చిలు పోయాయి. అన్నిటినీ తిరిగి కట్టే స్తోమత లేక చాలా పారిష్‌లను కలిపేశారు. చివరికి రెన్ కార్యాలయం కింద 51 చర్చిలు లేచాయి. డబ్బు లండన్ రేవుకు వచ్చే బొగ్గు మీద వేసిన పన్ను నుంచి వచ్చింది. ఆ డబ్బుతో గోడలు, పైకప్పు, గంట గోపురం వంటి గట్టి కట్టడం చేసేవారు. బల్లలు, ప్రసంగ వేదిక, బలిపీఠం వెనుక చెక్కపని లాంటివి పారిష్‌వాసులు సొంత ఖర్చుతో చేయించుకోవాలి. రెన్ చర్చిల చెక్కపని ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. గోడల గీతలు ఒక కార్యాలయం నుంచి వచ్చేవి, లోపలి సామాను ఆ వీధి వర్తకుల జేబును బట్టి వచ్చేది.

సెయింట్ మేరీలో రెన్ పాత పునాదులను చాలావరకు వాడుకున్నాడు. ఇది పొదుపు కోసమే కాదు. నగరంలో ప్రతి అడుగు నేలకూ పక్కవాడి హక్కు ఆనుకుని ఉంటుంది, పాత హద్దు దాటితే వ్యాజ్యం తప్పదు. ఆ హద్దులో ఆయన కట్టింది సూటిగా ఉన్న దీర్ఘచతురస్రపు హాలు. మధ్యలో వెడల్పైన నడవ, రెండు వైపులా స్తంభాల వరస, వాటి అవతల సన్నటి పక్క నడవలు. మధ్య నడవ మీద గుండ్రటి కమాను కప్పు, పడమటి చివర చతురస్రపు గంట గోపురం. తూర్పు గోడ ఆల్డర్‌మన్‌బరీ వీధి వైపు చూస్తుంది కాబట్టి అలంకారం అక్కడ పెట్టాడు. నడిమి పెద్ద కిటికీకి రెండు వైపులా చుట్టలు తిరిగిన పెద్ద రాతి మెలికలు ఉంటాయి. మిగతా గోడలు సాదాగా, గుండ్రటి తల ఉన్న పెద్ద కిటికీలతో ఉంటాయి.

ఈ సాదాతనం వెనుక లెక్క ఉంది. ఇంగ్లండ్ చర్చి పోప్ నుంచి విడిపోయిన మత సంస్కరణల తర్వాత అక్కడి ఆరాధనలో ప్రధానం ప్రసంగం. అందరికీ బోధకుడు కనిపించాలి, మాట వినిపించాలి. రెన్ తర్వాతి కాలంలో రాసిపెట్టిన కొలతల ప్రకారం బోధకుడి గొంతు ముందుకు 50 అడుగులు, పక్కలకు 30 అడుగులు, వెనక్కు 20 అడుగులు స్పష్టంగా అందుతుంది. దాన్ని మించి హాలు పెంచితే చివరి వరసల వాళ్లకు మాట అందదు. అందుకే ఆయన పారిష్ చర్చిలు పొడవాటి సొరంగాల్లా కాకుండా కుదురైన గదుల్లా ఉంటాయి. కిటికీలకు రంగుటద్దాలు కాక తెల్లటద్దాలు వాడటానికి కారణం ప్రార్థనా పుస్తకం చదువుకోవడానికి వెలుతురు కావాలి గనుక.

పోర్ట్‌లాండ్ రాయి

బయటి గోడలకు వాడింది పోర్ట్‌లాండ్ రాయి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్ దీవి గనుల నుంచి ఓడల మీద థేమ్స్‌కు తెచ్చేవారు. ఇది సున్నపురాయి జాతి. ఇసుక రవ్వంత గుండ్రటి గుళికలు ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడింది. గ్రానైట్‌లా మొండికేయదు, ఏ వైపైనా ఒకేలా చెక్కుకోవచ్చు. అలాగని మెత్తన కాదు, సన్నటి అంచు శతాబ్దాల పాటు నిలుస్తుంది. వాన నేరుగా తగిలే చోట పైపొర కొద్దికొద్దిగా కరిగి తెల్లగా మెరుస్తుంది. చూరు కింద, వాన తగలని చోట బొగ్గుపొగలోని గంధకపు వాయువు రాతితో కలిసి జిప్సం పొరగా మారుతుంది, మసి ఆ పొరలో చిక్కుకుని నల్లగా పేరుకుంటుంది. పాత లండన్ భవనాల మీద తెలుపు నలుపు చారలకు మూలం ఇదే.

అయితే ఆ కాలపు లండన్ గోడ మొత్తం ఒకే రాయితో ఉండదు. బయటివైపు చెక్కిన రాయి పేర్చి, లోపల ముక్కరాళ్లు, ఇటుక, సున్నపు అడుసు నింపేవారు. కాలిపోయిన పాత చర్చి రాయి కూడా ఆ నింపుడులోకి వెళ్లేది. గోడ లోపలి ముఖానికి గార పూసేవారు. ఈ కూర్పు అర్థమైతే తర్వాత ఫుల్టన్‌లో ఏం జరిగిందో అర్థమవుతుంది.

జనం పోయారు, తర్వాత చర్చి పోయింది

బాంబుల కంటే ముందే ఈ పారిష్ చిక్కిపోయింది. 19వ శతాబ్దంలో లండన్ నగరంలోని ఇళ్లు గిడ్డంగులుగా, బ్యాంకులుగా మారాయి, కాపురాలు శివార్లకు తరలాయి. ఆ చదరపు మైలులో 1851లో లక్షకు పైగా ఉన్న నివాసుల సంఖ్య 1951 నాటికి ఐదువేల చిల్లరకు పడిపోయింది. పారిష్‌లను కలిపేసి చర్చిలను కూల్చడానికి వీలిస్తూ 1860లో చట్టం వచ్చింది, రెన్ చర్చిలు ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. సెయింట్ మేరీ కూలకుండా నిలిచింది గానీ విక్టోరియా కాలపు మార్పులు తప్పలేదు. సాదా కిటికీల్లో రాతి జాలీలు వచ్చాయి, పాత ఎత్తు బల్లలు పోయాయి.

1940 డిసెంబరు 29, ఆదివారం. సాయంత్రం ఆరు దాటాక జర్మన్ విమానాలు లండన్ నగరం మీద నిప్పుబాంబులు గుమ్మరించాయి. ఒక్కొక్కటి కిలో బరువే. పడిన వెంటనే ఇసుక పోస్తే ఆరిపోతుంది. అయితే ఆదివారం కావడంతో కార్యాలయాలకూ చర్చిలకూ తాళాలు వేసి ఉన్నాయి, పైకప్పు మీద చూసేవాడు లేడు. థేమ్స్ నది ఆ రాత్రి బాగా పోటు తగ్గి ఉంది, నీటి గొట్టాలు పగిలాయి. రెన్ చర్చిల పైకప్పు చెక్క దూలాల మీద సీసపు రేకులు. కింద కనిపించే కమాను చెక్క చట్రానికి కొట్టిన గార మాత్రమే, రాయి కాదు. బాంబు సీసం గుండా దూలాల మీద పడితే మంట ఆ ఇరుకు చోట గుట్టుగా పాకి, మొత్తం కప్పు ఒక్కసారిగా బల్లల మీద కూలుతుంది. ఆ తర్వాత హాలంతా కొలిమే. ఆ ఒక్క రాత్రి గిల్డ్‌హాల్ కప్పుతో పాటు రెన్ చర్చిలు ఎనిమిది దెబ్బతిన్నాయి. సెయింట్ మేరీలో గోడలు, స్తంభాలు, గోపురం మిగిలాయి.

ఇలా కాలిన సున్నపురాయిని మళ్లీ వాడవచ్చా అన్నది తేలికగా తేల్చే విషయం కాదు. రాయి వేడిని మెల్లగా మోస్తుంది కాబట్టి దెబ్బ ఎక్కువగా పైపొరకే పరిమితమవుతుంది. 300 డిగ్రీల దగ్గర రాతిలోని ఇనుము గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు ఎంత లోతుకు వెళ్లిందో చూసి వేడి ఎక్కడిదాకా పోయిందో అంచనా వేస్తారు. 800 డిగ్రీలు దాటితే రాయి సున్నంగా మారిపోతుంది, అది పనికిరాదు. వేడి మీదున్న రాతిపై చన్నీళ్లు పడితే అంచులు పెచ్చులుగా లేస్తాయి. కిటికీల చుట్టూ, మంట బయటికి తన్నిన చోట నష్టం ఎక్కువ, మూలల్లో తక్కువ. గోడ బయటి ముఖం చాలావరకు బతకడానికి కారణం మంట లోపల ఉండటమే.

ఫుల్టన్ ఎందుకు

1946 మార్చి 5న విన్‌స్టన్ చర్చిల్ ఫుల్టన్‌లోని వెస్ట్‌మినిస్టర్ కాలేజీ వ్యాయామశాలలో మాట్లాడాడు. ఐరోపాను రెండుగా చీల్చిన "ఇనుప తెర" అన్న మాట ప్రపంచమంతా పాకింది ఆ ప్రసంగంతోనే. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ పక్కనే ఉన్నాడు. ఆ సంఘటనకు గుర్తుగా ఏం కట్టాలా అని 1960ల మొదట్లో కాలేజీ ఆలోచిస్తున్నప్పుడు, లండన్‌లో యుద్ధంలో చెడిన రెన్ చర్చిలు కూల్చివేతకు సిద్ధంగా ఉన్న సంగతి ఒక పత్రికా కథనం ద్వారా తెలిసింది. లండన్ దగ్గర అన్ని చర్చిలకూ డబ్బు లేదు, వాటికి జనమూ లేరు. కొన్నిటిని బాగుచేశారు. సెయింట్ డన్‌స్టన్ ఇన్ ది ఈస్ట్ లాంటివి తోటలయ్యాయి. సెయింట్ స్విదిన్ లాంటివి పూర్తిగా కూల్చేశారు. సెయింట్ మేరీకి మూడో దారి దొరికింది.

1964 ఏప్రిల్ 19న, అప్పటికి మాజీ అధ్యక్షుడైన ట్రూమన్ ఫుల్టన్‌లో తొలి గడ్డపార వేశాడు. లండన్‌లో గోడలు విప్పడం మొదలైంది. మొత్తం సుమారు 7,000 రాళ్లు, 700 టన్నులు. వాటిని కడిగి, నంబర్లు వేసి ఓడలో అడుగు బరువుగా పేర్చారు, అమెరికా తీరం నుంచి రైల్లో ఫుల్టన్ చేర్చారు.

ఈ అంకెల్లోనే ఒక ముఖ్య విషయం దాగి ఉంది. 700 టన్నులను 7,000తో భాగిస్తే సగటున రాయికి 100 కిలోలు. పోర్ట్‌లాండ్ రాయి ఘనపు మీటరుకు 2.2 టన్నుల పైచిలుకు తూగుతుంది, కాబట్టి మొత్తం రాయి 300 ఘనపు మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. పాతిక సెంటీమీటర్ల మందంతో పరిస్తే అది సుమారు 1,200 చదరపు మీటర్లు. చర్చి గోడలకు, గోపురానికి బయటి తొడుగుగా సరిపోయే పరిమాణమే తప్ప, నిండు గోడలకు చాలదు. ఓడ ఎక్కింది చెక్కిన రాయే. లోపలి నింపుడు లండన్‌లోనే మిగిలిపోయింది. ఫుల్టన్‌లో ఆ తొడుగు వెనుక కట్టింది కొత్త గోడ, కింద పోసింది కొత్త పునాది. ఆ పునాది గదుల్లోనే ఇప్పుడు చర్చిల్ మ్యూజియం ఉంది.

తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి కాపాడటానికి కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఇలాగే రాయి రాయి విప్పి అలంపురంలో నిలబెట్టారు. తేడా ఒక్కటే. చాళుక్యుల గుడిలో స్తంభం, దూలం, కప్పుబండ అన్నీ రాయే, అందుకే గుడితో పాటు లోపలి చోటు కూడా తరలి వస్తుంది. రెన్ చర్చిలో స్తంభాలు తప్ప లోపలి చోటు దాదాపుగా చెక్క, గారలతో చేసింది. అది 1940లోనే బూడిదైంది, లోపల తరలించడానికి దాదాపుగా ఏమీ మిగల్లేదు.

నంబర్లు తప్పినప్పుడు

విప్పేటప్పుడు పని క్రమం ఇది. ముందు ప్రతి గోడ ముఖానికీ కొలతల బొమ్మ గీస్తారు, ఒక్కో రాయికి గోడ పేరు, వరస సంఖ్య, వరసలో స్థానం కలిపి గుర్తు పెడతారు. ఆ గుర్తును కనిపించే ముఖం మీద కాకుండా అడుసులో దాగిపోయే పక్క మీద రాయాలి. పై వరస నుంచి కిందికి విప్పాలి, వరసకు వరస విడిగా కట్టాలి. కట్టేటప్పుడు ముందు కావలసింది కింది వరస, అంటే చివర విప్పినది. రవాణాలో ఈ క్రమం తిరగబడకుండా చూసుకోవడమే అసలు కష్టం. ఓడ సమతూకం కోసం పేర్చేవాడికి వరసలతో పనిలేదు. రేవులో ఒకసారి, రైలు దగ్గర మరోసారి ఎత్తిదించినప్పుడు మూటలు కలిసిపోతాయి.

ఫుల్టన్‌కు చేరేసరికి అదే జరిగింది. క్రమం చెదిరి, ఎకరం నేల మీద రాళ్లు కుప్పలుగా పడ్డాయి. లండన్ పత్రిక ఒకటి దీన్ని కట్టడాల చరిత్రలోనే అతి పెద్ద జిగ్‌సా పజిల్ కావచ్చని రాసింది. ఇలాంటప్పుడు మేస్త్రీకి ఆధారం రాయే. మొదట ఎత్తును బట్టి వేరు చేస్తారు, ఎందుకంటే ఒకే వరసలోని రాళ్లన్నీ ఒకే ఎత్తు. తర్వాత రెండు ముఖాలు చెక్కినవి మూల రాళ్లుగా, వంపు ఉన్నవి కమాను రాళ్లుగా విడిపోతాయి. పక్క రాళ్లను కలిపిన ఇనుప బందుల గుంటలు జత కుదురుతాయా అని చూస్తారు. మసి చార ఒక రాయి మీద ఆగి పక్కదాని మీద కొనసాగుతుంది, అది మంచి సాక్ష్యం. ఉలి గాట్ల వాటం కూడా పనికొస్తుంది.

ఈ పనిలో ఎక్కువ నష్టం చేసే తప్పు రాయిని పక్కకు తిప్పి నిలబెట్టడం. సున్నపురాయి గనిలో పొరలుగా ఏర్పడుతుంది. ఆ పొరలు గోడలో కూడా అడ్డంగానే ఉండాలి. నిలువుగా తిరిగితే చలికాలంలో పొరల మధ్య నీళ్లు గడ్డకట్టి ముఖం పలకలుగా ఊడుతుంది. లండన్ చలి మెతకది. మిస్సోరిలో ఉష్ణోగ్రత సున్నా కిందికి బాగా దిగుతుంది, పగలు కరిగి రాత్రి గడ్డకట్టే వంతు పదేపదే వస్తుంది. అందుకే అక్కడ ఈ తప్పుకు శిక్ష ఎక్కువ.

పునాది రాయి 1966 అక్టోబరులో పడింది. లండన్ అగ్నిప్రమాదానికి అది 300వ ఏడు. 1967 మే నాటికి ఆఖరి రాయి చేరింది. అంత కలగలిసిన కుప్ప నుంచి ఎనిమిది నెలల్లోపు గోపురంతో సహా గోడలు లేవడం గొప్ప పనితనమే.

లోపల ఏం చేశారు

గోడలు లేచాక అసలు నిర్ణయం ఎదురైంది. లోపల ఏ కాలాన్ని చూపాలి? 1940 నాటి రూపాన్నా, 1677 నాటి రూపాన్నా? ఇంగ్లిష్ వాస్తుశిల్పి మార్షల్ సిసన్ సలహాతో ఫుల్టన్ రెన్ కాలాన్ని ఎంచుకుంది. విక్టోరియా కాలపు కిటికీ జాలీలు తిరిగి రాలేదు. కిటికీలకు అమెరికాలోని బ్లెంకో కంపెనీ అద్దాలు చేసింది. ప్రసంగ వేదిక, జ్ఞానస్నాన తొట్టి, గ్యాలరీ (హాలు లోపలి పై అరుగు) చెక్కపనిని యుద్ధానికి ముందు తీసిన ఫోటోలు చూసి ఇంగ్లిష్ శిల్పి ఆర్థర్ ఏర్స్ చెక్కాడు. ఆర్గన్ అనే గొట్టాల వాద్యాన్ని తయారుచేసింది నోయెల్ మాండర్. 1940లో నిప్పు కాపలాదారుగా ఉండి ఈ చర్చి కాలిపోవడం కళ్లారా చూసినవాడు ఆయనే. రెన్ చర్చిలో లేనివి రెండు చేర్చారు. ఒకటి ఆర్గన్ కోసం గ్యాలరీ, రెండోది గోపురంలో మెట్లకు వెలుతురు ఇచ్చే కిటికీ. 1969 మే 7న ప్రతిష్ఠ జరిగింది, లార్డ్ మౌంట్‌బాటెన్ హాజరయ్యాడు.

సిసన్ ఎంపికను తప్పుపట్టడానికి వీలుంది. రెండున్నర శతాబ్దాలు ఆ పారిష్ మనుషులు చేసుకున్న మార్పులు అందులో చెరిగిపోయాయి. అయినా ఆ పరిస్థితిలో అదే సరైన దారి. విక్టోరియా కాలపు సామాను అప్పటికే బూడిద. దాన్ని కొత్తగా చేస్తే అనుకరణకు అనుకరణ అయ్యేది. రెన్ హాలు కొలతలు, వెలుతురు గోడల్లోనే ఉన్నాయి కాబట్టి వాటికి తగిన లోపలి భాగం చేస్తే ఆ గది ఎలా పనిచేసేదో కనీసం తెలుస్తుంది. మాట ఎంత దూరం వినిపిస్తుందో, పగలు దీపం లేకుండా పుస్తకం చదవగలమో లేదో అక్కడ కూర్చుని పరీక్షించుకోవచ్చు. లండన్‌లో తోటగా మారిన చోట ఆ అవకాశం లేదు. చెక్కపనిని మాత్రం 17వ శతాబ్దపు సాక్ష్యంగా ఎత్తిచూపకూడదు. అది 1960ల నాటి నిపుణుడి చేతిపని, ఆ పేరుతోనే దానికి గౌరవం దక్కాలి.

సెయింట్ లూయిస్, కొలంబియా ప్రాంతాల తెలుగువాళ్లకు ఇది అందుబాటులోని చోటే. ఐ-70 మీద కింగ్‌డమ్ సిటీ దగ్గర దిగి 54వ నంబరు రోడ్డు మీద దక్షిణంగా పది పన్నెండు కిలోమీటర్లు వెళ్తే ఫుల్టన్. ముందు తూర్పు గోడ ఎదురుగా నిలబడి రాతి మెలికలు చూడాలి. తర్వాత చూరు కింది రాళ్లకూ వాన తగిలే రాళ్లకూ రంగు తేడా గమనించాలి. అతుకులు మారిన చోట, కొత్త ముక్క పొదిగిన చోట రాతి రంగు వేరుగా ఉంటుంది. ఆవరణలోనే చర్చిల్ మనవరాలు ఎడ్వినా శాండిస్ బెర్లిన్ గోడ ముక్కలు ఎనిమిదింటితో 1990లో చేసిన శిల్పం ఉంది. 1992లో సోవియట్ మాజీ అధ్యక్షుడు గోర్బచేవ్ వచ్చి ప్రసంగించింది దాని దగ్గరే.

లండన్ వెళ్లేవాళ్లు గిల్డ్‌హాల్ పక్క తోటలో గోడల అడుగు రేఖలను, హెమింగ్స్, కాండెల్‌ల జ్ఞాపకార్థం 1896లో పెట్టిన, షేక్‌స్పియర్ తల ఉన్న స్మారకాన్ని చూడవచ్చు. చర్చి ఎంత చిన్న స్థలంలో ఇమిడిందో, చుట్టూ వీధులు ఎంత దగ్గరగా బిగించి ఉన్నాయో అక్కడే తెలుస్తుంది. ఫుల్టన్‌లో చుట్టూ పచ్చిక, ఎటు నుంచైనా చర్చి పూర్తిగా కనిపిస్తుంది. రెన్ తూర్పు గోడకు మాత్రమే అలంకారం ఎందుకు పెట్టాడో అక్కడ నిలబడితే అర్థం కాదు.

ఫుల్టన్ గోడలకు ఇకముందు కావలసింది నీటి కాపలా. రాయి కంటే గట్టి సిమెంటుతో అతుకులు నింపితే తేమ అతుకు గుండా బయటికి పోలేక రాయి గుండా పోతుంది, చలికి రాతి అంచులే పగులుతాయి. సున్నం కలిపిన మెత్తటి అడుసు వాడితే ముందు అడుసు అరిగిపోతుంది, రాయి నిలుస్తుంది. అడుసును కొన్ని దశాబ్దాలకు ఒకసారి మళ్లీ నింపవచ్చు. చెక్కిన రాయి పోతే పోయినట్టే. చూరు నీటి గొట్టాలు ఆకులతో పూడకుండా ఏటా చలికాలానికి ముందే తీయాలి. మెట్ల దగ్గర మంచు కరగడానికి చల్లే ఉప్పు గోడ అడుగు వరసలకు పాకకుండా చూడాలి, ఎందుకంటే ఉప్పు స్ఫటికాలు సున్నపురాతిని లోపలి నుంచి పిండిలా రాలుస్తాయి.